ఇంటియొద్ద రేడియో ఏరియలును స్తంభమును నిలుపు విధము



సముద్రతీరమున నివసించు తెలుగువారికి గాలివానలు క్రొత్తవి కావు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన వచ్చి వేలకొలది ప్రాణములను హరించెను. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ అను తుఫాను విశాఖపట్టణమును తాకినప్పుడు చెట్లు కూలెను, విద్యుత్తు పోయెను, టెలిఫోనులును సెల్‌ఫోనులును మూగవోయెను. అట్టి దినములలో అన్నపానముల తరువాత మనుష్యునకు మిక్కిలి అవసరమైనది వార్త. "మేము బ్రదికియున్నాము, మాకు మంచినీరు కావలెను" అను నాలుగు మాటలు పట్టణమునకు చేరినయెడల ఒక గ్రామము నిలుచును. చేరకున్నచో సహాయము మఱియొక దారిని పోవును.

సెల్‌ఫోను అట్టి సమయమున ఏల పనిచేయకుండునో ఆలోచింపుడు. మన ఫోనులోని మాట మొదట సమీపమున నున్న టవరునకు పోవును. ఆ టవరునకు విద్యుత్తు కావలెను. అది పోయినచో బ్యాటరీయు, డీజిలుతో నడుచు జనరేటరును కావలెను. అక్కడినుండి మాటను కొనిపోవుటకు కేబులు గాని మఱియొక రేడియో మార్గము గాని కావలెను. ఆ మాటను ఊరూరికి పంచుటకు ఒక కేంద్రము కావలెను. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినను ఫోను మూగయే. హామ్ రేడియో అని పిలువబడు అమెచ్యూరు రేడియోకు అట్టి గొలుసు లేదు. ఈ కొనను ఒక యంత్రము, ఆ కొనను ఒక యంత్రము, రెండింటికిని బ్యాటరీలు, రెండు ఏరియలులు ఉన్నచో చాలును. నడుమ నుండునది ఆకాశము మాత్రమే.

యంత్రమును వెల యిచ్చి కొనవచ్చును. ఏరియలును మాత్రము మన యింటికి, మన పెరటికి, మన ఊరి గాలికి తగినట్లు మనమే అమర్చుకొనవలెను. సరిగా అమర్చనియెడల మాట వినబడకపోవుట ఒక్కటే నష్టము కాదు, ప్రాణహానియు సంభవింపవచ్చును. కావున ఏ పనిని ఏ కారణముచేత చేయవలెనో ఈ పాఠమున లెక్కలతో వివరింపబడుచున్నది. ఈ లెక్కలలో ఏదియు ఉన్నత పాఠశాలలో నేర్చిన గణితమునకు మించినది కాదు.

1. ముందు అనుమతి, పిమ్మట తీగ

హామ్ రేడియో వర్తకము కొఱకు ఏర్పడినది కాదు. విద్య కొఱకును, వినోదము కొఱకును, ఆపద్సమయమున సేవ కొఱకును ఏర్పడినది. ధనము పుచ్చుకొని వార్తలు పంపుటకు వీలులేదు. కేంద్ర ప్రభుత్వమువారు జరుపు పరీక్షయందు ఉత్తీర్ణులై లైసెన్సు పొందినవారే యంత్రముతో పలుకవలెను. లైసెన్సు పొందిన ప్రతివారికి ఒక పిలుపు గుర్తు ఇయ్యబడును. భారతదేశపు హాముల గుర్తులు సామాన్యముగా వి.యు. అను అక్షరములతో ఆరంభమగును. మన దేశ ప్రధానమంత్రిగా నుండిన రాజీవ్ గాంధీగారు సైతము వి.యు.2ఆర్.జి. అను గుర్తుగల హామ్.

అద్దె యింటనున్నవారు యజమానుని సమ్మతిని, అంతస్తుల మేడలలో నున్నవారు తోడి కాపురస్థుల సమ్మతిని ముందుగా పొందవలెను. ఎత్తైన స్తంభము నెత్తదలచినవారు, విశేషించి విమానాశ్రయమునకు దగ్గరగా నున్నవారు, అధికారుల యనుమతి లేక పని మొదలుపెట్టరాదు. పొరుగువాని గోడలో మేకు కొట్టి, అతని పెరటిమీదుగా తీగ లాగి, పిమ్మట క్షమింపుమని వేడుకొనుట మర్యాద కాదు.

2. తరంగము పొడవును తీగ పొడవును

జర్మను శాస్త్రజ్ఞుడగు హైన్రిచ్ హెర్ట్జ్ 1886 మొదలు 1888 వఱకు జరిపిన ప్రయోగములలో రేడియో తరంగముల ఉనికిని ఋజువుపఱచెను. అవి కాంతివలెనే సెకనునకు సుమారు 30 కోట్ల మీటర్లు పోవును. ఒక సెకనులో ఎన్ని తరంగములు బయలుదేరునో ఆ సంఖ్య పౌనఃపున్యము. వేగమును పౌనఃపున్యముచేత భాగించినయెడల తరంగము పొడవు వచ్చును. పౌనఃపున్యమును మెగాహెర్ట్జులలో చెప్పినచో లెక్క మిక్కిలి సులభము: 300ను దానిచే భాగించిన చాలును. 7.1 మెగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 42 మీటర్లు. 145 మెగాహెర్ట్జులది రెండు మీటర్లకు కొంచెము ఎక్కువ.

ఊయలను దాని స్వభావమునకు సరియైన వేళకు త్రోసినప్పుడు కొద్ది బలముతోనే అది పెద్దగా ఊగును గదా! అట్లే తీగ పొడవు తరంగమునకు తగియున్నప్పుడు విద్యుత్తు ఆ తీగలో చక్కగా ఊగును. తరంగములో సగము పొడవుగల తీగ యీ పనికి అనుకూలమైనది. దానిని నడుమ రెండుగా ఖండించి, ఆ నడిమి చోట యంత్రమునుండి వచ్చు కేబులును కలిపినచో డైపోలు అను ఏరియలు ఏర్పడును. ఏరియలులలో దీనికంటె సులభమైనది లేదనవచ్చును.

తీగయందు కొనల ప్రభావముచేత పొడవు సరిగా సగమునకు కొంచెము తగ్గవలెను. కావున 150కి బదులు 142.5ను పౌనఃపున్యముచేత భాగింపవలెను. 7.1 మెగాహెర్ట్జులకు డైపోలు పొడవు 20.07 మీటర్లు, అనగా ఒక్కొక్క ప్రక్క సుమారు 10 మీటర్లు. 14.2 మెగాహెర్ట్జులకు మొత్తము పొడవు దాదాపు 10 మీటర్లు. 145 మెగాహెర్ట్జులకు ఒక్క మీటరునకు కొంచెము తక్కువ. పౌనఃపున్యము పెరిగినకొలది ఏరియలు చిన్నదగునని దీనివలన తెలియుచున్నది.

3. ఎంత యెత్తు కావలెను?

స్తంభము ఎంత యెత్తైన అంత మంచిదని పలువురు తలంతురు. ఇది సగము సత్యము. ముందుగా మనము ఎవరితో మాటలాడదలచితిమో నిర్ణయించుకొని, పిమ్మట ఎత్తును నిర్ణయింపవలెను.

145 మెగాహెర్ట్జుల వంటి చిన్న తరంగములు సామాన్యముగా దృష్టివలె తిన్నగా పోవును. భూమి గుండ్రముగా నున్నందున కొంతదూరము పోవునప్పటికి అవి నేలను విడిచి పైకి పోవును. ఏరియలు ఎత్తు మీటర్లలో ఎంతయో దాని వర్గమూలమును 4.12చే గుణించినచో తరంగము చేరు దూరము కిలోమీటర్లలో సుమారుగా వచ్చును. 9 మీటర్ల యెత్తునకు 12 కిలోమీటర్లు. 25 మీటర్ల యెత్తునకు 20 కిలోమీటర్లు. అవతలివారి ఏరియలు కూడ 9 మీటర్ల యెత్తున నున్నచో వారి 12ను మన 12కు కలుపుకొనవచ్చును. కావున ఇట్టి తరంగములకు ఎత్తు ప్రధానము. అయినను ఎత్తు నాలుగు రెట్లయినప్పుడు దూరము రెండు రెట్లే యగునని గమనింపుడు.

7 మెగాహెర్ట్జుల తరంగముల మార్గము వేరు. భూమికి నూర్లకొలది కిలోమీటర్ల యెత్తున సూర్యకిరణములచేత విద్యుత్పూరితమైన పొరలు కలవు. ఈ తరంగములు అక్కడికి పోయి వంగి మరల నేలకు దిగును. తీగను 6 మొదలు 10 మీటర్ల యెత్తున మాత్రమే కట్టినచో తరంగములు ఎక్కువగా నిట్టనిలువున పైకి పోయి, గొడుగువలె చుట్టునున్న కొన్ని వందల కిలోమీటర్లలో దిగును. పగటివేళ మచిలీపట్టణమునుండి హైదరాబాదునకు, శ్రీకాకుళమునుండి విజయవాడకు మాట చేరుటకు ఇదియే తగిన మార్గము. తుఫాను వచ్చినప్పుడు మనకు కావలసినది ప్రక్క జిల్లాయే గాని అమెరికా ఖండము కాదు. అందుచేత రెండు సరుగుడు కర్రలును, ఇరువది మీటర్ల రాగితీగయు గల పేద విద్యార్థి, పెద్ద టవరు గలవానికంటె అప్పుడు తక్కువవాడు కాడు.

4. డైపోలు కట్టుట

తొడుగుగల రాగితీగ గాని తొడుగులేని గట్టి రాగితీగ గాని తీసికొని, లెక్కకు వచ్చినదానికంటె కొంచెము పొడవుగా కత్తిరింపుడు. కత్తిరించిన తీగ మరల పెరుగదు. నడుమ ఒక ఇన్సులేటరును, కొనల రెండు ఇన్సులేటరులను కట్టవలెను. బరువును ఇన్సులేటరు మోయవలెను గాని కేబులు అతుకు మోయరాదు. అతుకులకు టంకము వేసి, వాన చొరకుండ టేపు చుట్టవలెను. కేబులును తీగను కలుపుచోట బేలన్ అను చిన్న పరికరమును ఉంచుట మేలు. కేబులు వెలుపలి తొడుగు కూడ ఏరియలుగా మారకుండ అది కాపాడును.

రెండు స్తంభములు లేనివారు నడిమిభాగమును ఒకే కర్రకు ఎత్తి, రెండు కొనలను ఏటవాలుగా క్రిందికి లాగి కట్టవచ్చును. ఇది తలక్రిందులైన వి అను ఆంగ్లాక్షరమువలె నుండును. ఒక స్తంభముతో పని తీరును. కాని ప్రసార సమయమున తీగ కొనల వోల్టేజి మిక్కిలి హెచ్చుగా నుండును. కొన తగిలినవారికి చేయి కాలును. కావున కొనలు పిల్లలకును పశువులకును అందని యెత్తున, మూడు మీటర్లకు తక్కువ కాకుండ ఉండవలెను.

కొబ్బరిచెట్టునకు కట్టదలచినచో తాడును బిగించి కట్టకుడు. గాలికి చెట్టు ఊగినప్పుడు తీగ తెగును. చెట్టునకు ఒక గిలక కట్టి, తాడును దానిమీదుగా దించి, కొనకు ఇటుకవంటి బరువును వ్రేలాడదీయుడు. చెట్టు వంగినప్పుడు బరువు పైకి లేచును. చెట్టు నిలిచినప్పుడు క్రిందికి దిగును. తీగ మాత్రము నిలుకడగా నుండును.

5. కేబులును కొలతయు

యంత్రమునుండి ఏరియలునకు పోవు తీగ కోయాక్సియల్ కేబులు. హామ్ యంత్రములకు 50 ఓముల కేబులు వాడుదురు. సన్నని కేబులు చౌక. కాని అది త్రోవలోనే శక్తిని మ్రింగివేయును. ఆర్.జి.58 అను సన్నని కేబులు 30 మీటర్ల పొడవున 145 మెగాహెర్ట్జుల శక్తిలో సుమారు నాల్గవ వంతును మాత్రమే పైకి చేర్చును. లావైన ఆర్.జి.213 కేబులు సగమునకు మించి చేర్చును. 7 మెగాహెర్ట్జులకు ఈ నష్టము స్వల్పము. ఎత్తైన స్తంభమునకు ధనము వెచ్చించి కేబులులో పొదుపు చేయుట, పెద్ద చెరువు త్రవ్వి చిల్లుల కాలువ వేసినట్లే.

కేబులు కిటికీలోనికి వచ్చుటకు ముందు కొంచెము క్రిందికి వ్రేలాడి మరల పైకి రావలెను. అట్లున్నచో వాననీరు ఆ వంపునొద్దనే కారిపోవును, ఇంటిలోనికి రాదు.

ఏరియలు సరిగా కుదిరినదో లేదో ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు తెలుపును. ఆ సంఖ్య 1 అయినచో శక్తి యంతయు ఏరియలు గ్రహించినది. 2 అయినచో నూటికి 11 వంతులు వెనుకకు మరలుచున్నవి. 3 అయినచో నూటికి 25 వంతులు మరలుచున్నవి. 2 వఱకు ఓర్చుకొనవచ్చును; 1.5కు లోపల నుండుట మంచిది.

ఒక ఉదాహరణము చూడుడు. 20.6 మీటర్ల తీగ కట్టగా 6.95 మెగాహెర్ట్జులయొద్ద సంఖ్య కనిష్ఠముగా నున్నది. మనకు 7.1 కావలెను. 20.6ను 6.95చే గుణించి 7.1చే భాగించినచో 20.165 వచ్చును. అనగా మొత్తము 43.5 సెంటీమీటర్లు, ప్రక్కకు సుమారు 22 సెంటీమీటర్లు తగ్గింపవలెను. ఒక్కసారిగా తగ్గింపక మొదట 15 సెంటీమీటర్లు తగ్గించి, మరల కొలిచి, పిమ్మట తక్కినది తగ్గింపుడు. రెండు ప్రక్కలను సమానముగా తగ్గింపవలెను.

6. స్థలమును ఎంచుట

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాటకు వచ్చితిమి. స్తంభమును నిలుపుటకు ముందు తలయెత్తి చూడుడు. కరెంటు తీగలు ఎక్కడ నున్నవి? వీధిలోని 11 కె.వి. తీగలకు సామాన్యముగా తొడుగుండదు. ఏరియలు తీగ గాని, ఇనుప పైపు గాని, నిచ్చెన గాని వానికి తగిలినచో పట్టుకొనినవాడు బ్రదుకుట దుర్లభము. తడిసిన వెదురుకర్రను సైతము నమ్మరాదు.

స్తంభమును దాని శిరస్సుననున్న ఏరియలును కలిపి ఎంత పొడవుండునో అంతకు ఒకటిన్నర రెట్ల దూరమున నైనను కరెంటు తీగలుండవలెను. 12 మీటర్ల స్తంభమునకు 18 మీటర్లు. స్తంభము ఎటు పడినను తీగలకు తగులరాదనుట దీని తాత్పర్యము. అంత చోటు లేనియెడల స్తంభము ఎత్తును తగ్గింపుడు. ఏరియలు తీగను కరెంటు తీగలకు పైనుండి గాని క్రిందినుండి గాని ఎన్నడును లాగరాదు. ఎప్పుడైన ఏరియలు కరెంటు తీగపై పడినచో దానిని ముట్టక, ఎవరిని దగ్గరకు రానీయక, విద్యుత్తు శాఖవారికి తెలుపవలెను.

7. గాలి లెక్కయు స్టే తీగలును

ఇటలీ దేశస్థుడగు మార్కొనీ 1901లో అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవల వార్త పంపదలచి, ఇంగ్లండులోని పోల్డూ అను చోట 61 మీటర్ల స్తంభములను ఇరువదింటిని గుండ్రముగా నిలిపించెను. ఒక స్తంభము తలను ప్రక్క స్తంభము తలకు తీగలతో బిగించిరి. ఆ సెప్టెంబరు మాసమున గాలివాన వచ్చి వానిని కూల్చివేసెను. అమెరికాలోని కేప్ కాడ్ అను చోట అదే రీతిని నిలిపిన స్తంభములును నవంబరు మాసమున కూలెను. ఒకదానిని ఒకటి పట్టుకొని నిలిచినవి ఒకదానితో ఒకటి పడిపోవును. మార్కొనీ అధైర్యపడక, న్యూఫౌండ్లాండునందు సుమారు 150 మీటర్ల తీగను గాలిపటమునకు కట్టి యెగురవేసి, ఆ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన సముద్రముమీదుగా వచ్చిన సంకేతమును విన్నట్లు ప్రకటించెను.

స్తంభమును పడవేయునది దాని బరువు కాదు, గాలి. గాలి వేగమును సెకనుకు మీటర్లలో తీసికొని, వర్గము చేసి, 0.6చే గుణించినయెడల ఒక చదరపు మీటరుపై పడు ఒత్తిడి న్యూటనులలో వచ్చును. వేగము 25 మీటర్లయినచో, అనగా గంటకు 90 కిలోమీటర్లయినచో, ఒత్తిడి 375 న్యూటనులు. వేగము రెట్టింపై 50 మీటర్లయినచో ఒత్తిడి రెట్టింపు గాక నాలుగు రెట్లై 1500 న్యూటనులగును. కట్టడముల విషయమై భారతీయ ప్రమాణములలో విశాఖపట్టణమునకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదునకు 44 మీటర్లు గాలివేగముగా గ్రహింపబడినవి. మామూలు దినమున నిలిచిన స్తంభము తుఫాను దినమున నిలుచునని తలంచుట ఎంత పొరపాటో దీనివలన తెలియును.

12 మీటర్ల స్తంభము కొనను అర చదరపు మీటరు విస్తీర్ణముగల ఏరియలు ఉన్నదనుకొందము. 50 మీటర్ల గాలికి దానిపై 750 న్యూటనుల బలము, అనగా సుమారు 76 కిలోల బరువుతో ప్రక్కకు లాగినంత బలము, పడును. దీనిని ఎదుర్కొనుటకే స్టే తీగలు. స్తంభము పాదమునుండి 9 మీటర్ల దూరమున మూడు లంగరులు పాతుడు. పైథాగరస్ సిద్ధాంతము ననుసరించి స్టే తీగ పొడవు 15 మీటర్లు. గాలికి ఎదురుగా నున్న తీగ అడ్డముగా 750 న్యూటనులు లాగవలెనన్నచో ఆ తీగలో బిగువు 750ని 15చే గుణించి 9చే భాగించినంత, అనగా 1250 న్యూటనులు. అదే తీగ స్తంభమును 1000 న్యూటనుల బలముతో క్రిందికి నొక్కును. లంగరును స్తంభమునకు దగ్గరగా జరిపినకొలది ఈ రెండు బలములును పెరుగును. కావుననే లంగరు దూరము స్తంభము ఎత్తులో మూడు వంతులుండుట మేలు. స్తంభముపై పడు గాలిని, ఎదురుచూడని విసురులను తలంచుకొని, లెక్కకు వచ్చినదానికి పలు రెట్లు తాళగల తీగనే వాడవలెను.

మూడు లంగరుల నడిమి కోణములు సమానముగా 120 అంశములుండవలెను. కోణమాపకము అక్కరలేదు, పై ఉదాహరణమున ఒక లంగరునుండి మఱియొక లంగరునకు టేపుతో 15.6 మీటర్లు వచ్చినచో కోణము సరియే. 12 మీటర్ల స్తంభమునకు శిరస్సున ఒక వరుసయు, నడుమ ఒక వరుసయు స్టే తీగలుండవలెను. ఇనుప స్టే తీగలకు నడుమ నడుమ కోడిగ్రుడ్డు ఆకారముగల పింగాణీ ఇన్సులేటరులు కట్టుదురు. లేనిచో ఆ తీగలే ఏరియలుగా మారి మన తరంగములను చెదరగొట్టును. ఈ ఇన్సులేటరులలో రెండు తీగల ముడులు ఒకదానిలో నొకటి చిక్కుకొని యుండును గనుక పింగాణీ పగిలినను తీగ విడిపోదు. బిగువును సవరించుటకు ప్రతి తీగకు క్రింద టర్న్‌బకిలు ఉండవలెను. స్తంభము నిటారుగా నున్నదో లేదో తాపీమేస్త్రి గుండుదారముతో చూచుకొనుడు.

8. పునాది

ఇసుకమీద కట్టిన యింటి గతి సండే స్కూలు పిల్లలకు సైతము తెలిసినదే. తీరమునందలి ఇసుకనేలలో లంగరును లోతుగాను వెడల్పుగాను పాతవలెను. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారును. బీటలు పోవు లోతునకు దిగువకు లంగరు పోవలెను. స్తంభము పాదమునకును లంగరులకును కాంక్రీటు పోసి, కనీసము వారము దినములు తడుపుచుండవలెను. కాంక్రీటు పూర్తి బలమునకు 28 దినములు లెక్కకట్టుదురు. అంతవఱకు బరువు మోపక ఓపిక పట్టుడు. పైపు స్తంభమైనచో లోపల చేరిన నీరు దిగువకు పోవుటకు దారి యుంచవలెను. ఉప్పుగాలి తగులు ఊళ్లలో మరమేకులును తీగలును జస్తుపూత గలవియై యుండవలెను. నైలాను తాళ్లు ఎండకు చివుకును. కావున ప్రతి సంవత్సరము తుఫానుల కాలమునకు ముందు, సెప్టెంబరు మాసముననే, తాళ్లను, ముడులను, తుప్పును పరీక్షించుట విధిగా పెట్టుకొనవలెను.

9. పిడుగు

తాడిచెట్టుపై పిడుగు పడుట మనము చూచుచునే యుందుము. ఇనుప స్తంభమును తాడిచెట్టువంటిదే. పిడుగును ఆపుట మన వశము కాదు. దానికి నేలలోనికి తిన్నని మార్గము చూపుట మాత్రమే మన వశము. స్తంభము పాదమునొద్ద ఎర్తు కడ్డీలు పాతి, లావైన రాగి పట్టీతో వంపులు లేకుండ కలుపవలెను. కేబులు ఇంటిలోనికి వచ్చుచోట పిడుగునిరోధకమును అమర్చి దానిని ఎర్తునకు కలుపవలెను.

ఇంటి కరెంటు ఎర్తు వేరుగాను, స్తంభము ఎర్తు వేరుగాను ఉంచుట అపాయకరము. ఏలయన, పిడుగులో వేలకొలది ఆంపియర్ల ప్రవాహముండును. 20,000 ఆంపియర్లు 5 ఓముల ఎర్తులోనికి పోయినచో, ఓము సూత్రమును బట్టి ఆ చోట లక్ష వోల్టులు ఏర్పడును. ఇంటి ఎర్తునొద్ద అంత వోల్టేజి లేదు. ఆ భేదమంతయు రెండింటికి నడుమనున్న యంత్రములోనుండి, దానిని తాకిన మనుష్యునిలోనుండి ప్రవహించును. రెండు ఎర్తులను లావైన రాగితీగతో కలిపియుంచినచో రెండును కలిసి లేచి కలిసి దిగును. భేదము మిక్కిలి తగ్గును.

ఇన్ని చేసినను ఉరుము వినబడినంతనే యంత్రమును ఆపుడు. కేబులును ముందుగానే, మబ్బు పట్టినప్పుడే, విప్పి ఇంటి వెలుపల ఉంచుట మంచిది. ఉరుము వినబడుచుండగా కేబులును ముట్టుటకు పోరాదు.

10. స్తంభము ఎక్కువారికి

పిల్లలు స్తంభము ఎక్కరాదు. పెద్దలైనను నడుమునకు మాత్రము కట్టు త్రాడుతో గాక, తొడలకును భుజములకును పట్టీలుగల పూర్తి కట్టుతో ఎక్కవలెను. ఒంటరిగా ఎక్కరాదు. తడిగా నున్నప్పుడును, గాలి వీచునప్పుడును, చీకటిపడిన పిమ్మటను ఎక్కరాదు. క్రిందనున్నవారు తలకు టోపీ ధరించి దూరముగా నిలువవలెను. ఎక్కుటకు ముందు యంత్రమును ఆపి, దాని తాళపుచెవి గాని ఫ్యూజు గాని ఎక్కువాని జేబులోనే ఉంచుకొనవలెను. తుప్పు పట్టిన పాత స్తంభమును ఎక్కుటకంటె దించి బాగుచేయుట మేలు. మడతబందు పాదముగల స్తంభమును నేలపై పడుకొనబెట్టి ఏరియలు కట్టి, పిమ్మట పైకి లేపవచ్చును. ఇండ్లకు ఇదియే క్షేమమైన పద్ధతి.

11. స్తంభము లేనివారు సైతము

తలిదండ్రులకు ఒక మాట. మీ కుమారుడు గాని కుమార్తె గాని ఈ విద్యను కోరినచో వెంటనే పెద్ద స్తంభమును తలంచుకొని భయపడవలదు. మొదట వినుటతో ఆరంభింపవలెను. జపాను దేశపు తోహోకు విశ్వవిద్యాలయమున షింటారో ఉడా, హిడెట్సుగు యాగీ అను పండితులు 1926లో ప్రకటించిన యాగీ ఏరియలును మన మేడలపై చాలకాలము టెలివిజను కొఱకు వాడితిమి. అట్టిదానినే చిన్నదిగా చేసి చేతబట్టుకొని ఆకాశమువైపు త్రిప్పినచో, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము మన మీదుగా పోవునప్పుడు అందలి హామ్ యంత్రము పలికిన సమయములలో 145.8 మెగాహెర్ట్జులయొద్ద ఆ మాటలను వినవచ్చును. మన శ్రీహరికోటనుండియే 2005వ సంవత్సరము మే 5వ తేదీన హామ్‌శాట్ అను 42.5 కిలోల ఉపగ్రహము హాముల కొఱకు ప్రయోగింపబడి, 2014 వఱకు సేవ చేసెను.

హైదరాబాదున 1983లో జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ స్థాపింపబడెను. ఆ సంస్థకు చెందిన భారతి ప్రసాద్‌గారు 2004వ సంవత్సరము డిసెంబరు మాసమున అండమాను దీవులనుండి ప్రపంచ హాములతో మాటలాడుచుండిరి. 26వ తేదీన సునామీ వచ్చెను. వినోదము కొఱకు నిలిపిన ఆ ఏరియలే అప్పుడు దీవులకును ప్రధాన భూభాగమునకును నడుమ క్షేమసమాచారములను మోసెను. ఏరియలు ముందుగా నిలిచియుండుటయు, దానిని వాడుట తెలిసిన మనుష్యులుండుటయు ఆ దినమున ఎంత విలువగలవో ఆ వార్తలకై ఎదురుచూచిన కుటుంబములకు తెలియును. గాలి లేచిన పిమ్మట స్తంభమును నిలుపుటకు సాధ్యము కాదు. ఎండ కాయుచున్నప్పుడే, తీరికగా, లెక్క ప్రకారము నిలుపవలెను.

అభ్యాసములు

1. 145 మెగాహెర్ట్జులకు పాతిక తరంగపు ఏరియలు పొడవెంత? సగము తరంగమునకు చెప్పిన సూత్రమును ఉపయోగింపుడు.

2. ఒక పాఠశాల ఏరియలు 9 మీటర్ల యెత్తునను, మఱియొకదానిది 16 మీటర్ల యెత్తునను ఉన్నచో, సమతలమైన నేలపై ఆ రెండును ఎంతదూరము వఱకు మాటలాడగలవు?

3. 8 మీటర్ల స్తంభమునకు 6 మీటర్ల దూరమున లంగరులు పాతినచో శిరస్సునుండి వచ్చు స్టే తీగ పొడవెంత? లంగరుల నడిమి దూరమెంత?

4. 0.8 చదరపు మీటర్ల ఏరియలుపై సెకనుకు 25 మీటర్ల గాలి వీచినచో బలమెంత?

జవాబులు: 1. సుమారు 0.49 మీటరు. 2. సుమారు 28.8 కిలోమీటర్లు. 3. 10 మీటర్లు, సుమారు 10.4 మీటర్లు. 4. 300 న్యూటనులు.